కరకట్ట కింద ఉపవాసం

కోడూరు దగ్గర ఆ సంఘంలో ప్రతి రెండో శనివారం ఒక విశ్వాసి ఇంట్లో గృహ కూడిక జరుగుతుంది. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తరువాత ఆ ఇంటి భోజనం. డాబాల వాళ్ళ వంతులు తిరిగి తిరిగి వచ్చాయి గానీ, కరకట్ట కింద పాకలో ఉంటూ ఎండుచేపలు అమ్ముకునే వీరలక్ష్మి వంతు మాత్రం రానే రాలేదు. అడిగినప్పుడల్లా సంఘ పెద్దలు చూద్దాంలే అనేవారు. చివరికి పాస్టరుగారి భార్య మాణిక్యం పోరు పడలేక ఒప్పుకున్నారు.

వీరలక్ష్మి పాకంతా అలికింది. చేపల గంపలు పొరుగింట్లో దాచింది. తనెన్నడూ కొనుక్కుని తినని కొరమేను తెచ్చి పులుసు పెట్టింది.

ప్రార్థన అయ్యాక ఆమె పళ్ళేలు తీస్తుంటే సంఘ పెద్ద హనోకు గొంతు సవరించుకున్నాడు. ఈ రోజు మేమంతా ఉపవాసంలో ఉన్నాం, ఏమీ ముట్టకూడదు అన్నాడు. అందరూ తలలూపారు. ఊపినవాళ్ళలో పాస్టరు జ్ఞానయ్య కూడా ఉన్నాడు.

మాణిక్యానికి ఒళ్ళు మండిపోయింది. పొద్దున తన చేతి ఇడ్లీలు మారు వడ్డించుకుని మరీ తిన్న మనిషి ఈయన. ఆ హనోకు అయితే దారిలో బడ్డీకొట్టు దగ్గర నోట్లో బజ్జీతోనే తనకు వందనాలు చెప్పాడు. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడటానికి వీళ్ళకు నోరెలా వచ్చింది!

అక్కడికక్కడే కడిగిపారేసేదే. కానీ వీరలక్ష్మి మొహం వెలిగిపోతోంది.

"నా ఇంటి కోసం ఉపవాసం ఉండి వచ్చారా అండీ?" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

నిజం చెబితే ఈ పిచ్చిదాని గుండె పగులుతుంది. చెప్పకపోతే ఆ పెద్దమనుషులు చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు. మాణిక్యం లేచి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"ఉపవాసం పొద్దువాలాక విడుస్తారుగా. ఇక్కడే విడుద్దాం. అందాకా పాటలు పాడుకుందాం," అంది.

హనోకు తనకు రొయ్యల చెరువు దగ్గర పనుందని లేచాడు. ఉపవాసంలో పనేమిటి అన్నయ్యా, కూర్చోండి అంది మాణిక్యం. ఆయన కూర్చున్నాడు.

మధ్యాహ్నమంతా ఉక్కపోత. పులుసు వాసన పాకంతా తిరుగుతోంది. పాడేవాళ్ళ గొంతులు పీలగా అయిపోయాయి. జ్ఞానయ్య ఒకసారి బతిమాలుతున్నట్టు భార్య వంక చూశాడు. మాడనీ అనుకుని ఆమె ఇంకో పాట ఎత్తుకుంది.

పొద్దువాలింది. వీరలక్ష్మి వడ్డించీ వడ్డించకముందే చేతులు పళ్ళేల్లోకి వెళ్ళాయి. పాకలోకి వస్తూనే ఎండుచేపల కంపు అని ముక్కులు మూసుకున్నవాళ్ళకు ఇప్పుడు ఏ కంపూ గుర్తు రాలేదు. హనోకు మళ్ళీ పులుసు అడిగాడు. పోస్తున్న వీరలక్ష్మి చెయ్యి వణకడం అప్పుడు చూసింది మాణిక్యం. పొద్దున ఏమైనా తిన్నావా అని అడిగింది.

"వంట హడావుడిలో తినలేదమ్మగారూ. తర్వాత మీరంతా నా కోసం పస్తుంటే నాకు ముద్దెట్టా దిగుద్ది?"

మాణిక్యానికి తన మీద తనకే కోపం వచ్చింది. వీళ్ళకని పన్నిన ఉచ్చులో ఈ అమాయకురాలు పడింది. తన మొగుడి వైపు తిరిగింది. ఆ చూపే చాలింది. జ్ఞానయ్య ఎత్తిన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"నేను ఉపవాసం లేనమ్మా. పొద్దున తినే వచ్చాను. ఎవరమూ లేము. మీ ఇంట్లో తినడం ఇష్టం లేక అబద్ధమాడాం," అన్నాడు.

ఎవరూ తలెత్తలేదు. వీరలక్ష్మి ఏడుస్తుందనుకుంది మాణిక్యం. ఆమె ఏడవలేదు. గరిటె ఆయన ముందు పెట్టి, ఖాళీ పళ్ళెం తెచ్చుకుని హనోకు పక్కన కూర్చుంది.

"అయితే లేచి నాకు వడ్డించండి అయ్యగారూ," అంది.

జ్ఞానయ్య ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి గరిటె అందుకున్నాడు.