వైశాలిలో మంచు

ఛాయాదేవి ఆడపడుచు అంత పనిలేని మనిషి ఘాజియాబాద్ జిల్లా మొత్తం మీద మరొకరు ఉండరు. ఈ మాట ఛాయాదేవి రోజుకి రెండుసార్లు చొప్పున, ఎవరు వింటే వాళ్ళకి చెప్పేది. ఆ పిల్ల పొద్దున్నే స్నానం చేసి, కాఫీ గ్లాసు పట్టుకుని వెనక గదిలో కూర్చుంటుంది. ఎదురుగా కంప్యూటరు తెర. తెర నిండా తెలుపు, ఆ తెలుపులో అక్కడక్కడా బూడిద రంగు. సాయంత్రం దాకా ఆ తెలుపుని చూస్తుంది. మధ్యలో ఒక గీత గీస్తుంది. మళ్ళీ చూస్తుంది. దానికి నెలనెలా జీతం.

"సున్నం కొట్టిన గోడ చూస్తే జీతమిస్తారని తెలిస్తే నేను కాపురానికొచ్చిన కొత్తలోనే మొదలుపెట్టేదాన్నండీ," అనేది భర్తతో.

లక్ష్మీపతి పేపరు మడత పెట్టి, "అదేదో మంచు పనిలే. నీకర్థం కాదు," అనేవాడు. అతనికీ అర్థం కాదని ఛాయాదేవికి తెలుసు. చెల్లెలి గురించి అతను నమ్మకంగా చెప్పగలిగినవి రెండే: పేరు సహస్ర, విశాఖలో భూగోళశాస్త్రం ఎమ్మెస్సీ చేసింది.

సహస్ర ఆరేళ్ళుగా ఘాజియాబాద్ వైశాలిలో అన్నావదినల దగ్గరే ఉంటోంది. ముప్ఫై ఒకటి నిండాయి. పెళ్ళి మాట ఎత్తితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది. అలాంటి పిల్ల ఏప్రిల్‌లో ఒకరోజు వంటగది గుమ్మానికి ఆనుకుని, "ఎస్తోనియా వెళ్తున్నా వదినా. ఏడాది పాటు," అంది.

"అదెక్కడ?"

"ఫిన్లాండ్ కింద."

"కొత్త ఉద్యోగమా?"

"అదే ఉద్యోగం, అదే కంపెనీ. కుర్చీ మాత్రం అక్కడ వేసుకుంటా. ఇలా ఎక్కడినుంచైనా పని చేసుకునేవాళ్ళకి డిజిటల్ నోమాడ్ వీసా అని ఇస్తారు. ఏడాది ఉండి వచ్చేయడమే."

"గోడ చూడ్డానికి అంత దూరమెందుకే? వైశాలిలో గోడలకి కరువొచ్చిందా?"

సహస్ర నవ్వలేదు. "జనవరిలో అక్కడ సముద్రం గడ్డ కడుతుంది వదినా. ఆరేళ్ళ నుంచీ మంచు గీస్తున్నాను. ఫ్రిజ్‌లో తప్ప మంచు చూసిందాన్ని కాదు. ఒక్కసారి దాని మీద నిలబడాలి."

ఛాయాదేవి ఆ మాట విన్నది గానీ, మనసులో లెక్క వేరే వేసింది. పిల్ల ఎగిరిపోయేలోగా పెళ్ళి కుదర్చాలి. మయూర్ విహార్‌లో ఉండే అన్నపూర్ణేశ్వరిగారు ఒక సంబంధం చెప్పారు. అబ్బాయి జర్మనీలో ఉంటాడు. అక్క గుర్గావ్‌లో. ఢిల్లీలోనే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. "సోమవారం పదకొండింటికి ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది. నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, కాస్త చూసి చెప్పండి," అన్నారావిడ. సంగతి సహస్రకి చెప్పాల్సిన అవసరం ఛాయాదేవికి కనబడలేదు.

సోమవారం పదకొండుకి పది నిమిషాల ముందు ఫోను మోగింది. మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతోంది. అవతలి అమ్మాయి తానెవరో చెప్పుకోవడం అంతా ఆ రొదలో కలిసిపోయింది. ఛాయాదేవి మిక్సీ ఆపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"సహస్ర గురించి కొన్ని విషయాలు అడగొచ్చా?" హిందీ, చాలా మర్యాదగా.

"అడగండి, అందుకేగా కాచుకున్నది," అంది ఛాయాదేవీ హిందీలోనే.

"ఆమె ఉద్యోగం ఎలాంటిది?"

ఉద్యోగం చేసే కోడలంటే కొందరు జడుస్తారు. ఛాయాదేవికి ఈ మార్గాలన్నీ తెలుసు. "ఉద్యోగమంటే ఉద్యోగం కాదండి. ఇంట్లో కూర్చుని ఏదో కాలక్షేపం."

"అంటే స్థిరమైన పని కాదా?"

"అబ్బే. మానెయ్యమంటే రేపే మానేస్తుంది."

అవతల కాగితం మీద కలం కదిలిన చప్పుడు. "ఏడాది తర్వాత ఇండియా తిరిగి వచ్చే ఉద్దేశం ఉందా?"

అబ్బాయి జర్మనీలో ఉన్నాడు కదా. ఇది పరీక్ష ప్రశ్న. ఛాయాదేవి పెద్ద మనసు చేసుకుంది. "మేం ఒక్కనాటికీ రమ్మని అడగం. అక్కడే శాశ్వతంగా ఉండిపోతే మాకంతకంటే కావాల్సిందేముంది?"

కలం మళ్ళీ కదిలింది, ఈసారి చాలాసేపు. ఆ చప్పుడుని ఛాయాదేవి మెప్పుగా తీసుకుని, అడక్కుండానే ఇంకొకటి జోడించింది. "వంట కూడా బాగా చేస్తుంది."

"థాంక్యూ మేడమ్," అని ఆ అమ్మాయి పెట్టేసింది.

పావుగంట తర్వాత మళ్ళీ ఫోను, అదీ హిందీలోనే. "నమస్తే ఆంటీ, గుర్గావ్ నుంచి ఇషితని. అన్నపూర్ణేశ్వరి ఆంటీ మీ నెంబరిచ్చారు. సారీ, కొంచెం లేటయింది."

ఛాయాదేవి చేతిలో పోపు గరిటె అలాగే ఉండిపోయింది. ఆవాలు మాడాయి. ఇషిత ఏమడిగిందో, తానేం చెప్పిందో ఆవిడకి ఇప్పటికీ గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే: నెల కిందట సహస్ర వీసా ఫారం నింపుతూ, "పనిలో ఉంటే నా ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది వదినా, ఇంట్లోవాళ్ళ నెంబరు కింద నీదిస్తున్నా. నీకంటే నమ్మకస్తులెవరున్నారు?" అన్న మాట.

మర్నాడు సహస్రకి ఎస్తోనియా ఎంబసీ నుంచి ఈమెయిల్ వచ్చింది. మీ ఉద్యోగం గురించీ, తిరిగి రావడం గురించీ పొంతన లేని సమాచారం అందింది, గురువారం వచ్చి వివరించండి, అని.

"ఎవరు చెప్పుంటారు వదినా?"

"ఎవరు చెప్తారే. వాళ్ళ కంప్యూటరే ఏదో తికమక పడుంటుంది," అంది ఛాయాదేవి కూర వైపు చూస్తూ. కూరలో చూడ్డానికి ఏమీ లేదు, అది అప్పటికే దించిన కూర.

సహస్ర ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచింది. వీసా రాకపోతే ఈ చలికాలం తప్పిపోతుంది, మళ్ళీ ఏడాది ఆగాలి. అప్పటికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో తెలియదు.

బుధవారం మధ్యాహ్నం బయట నలభై ఐదు డిగ్రీలు. ఛాయాదేవి గ్లాసుడు మజ్జిగతో వెనక గదిలోకి వెళ్ళింది. నిజం చెప్పేద్దామనే వెళ్ళింది. నోరు రాక, పక్కనున్న వెదురు మోడా మీద కూర్చుంది. ఆరేళ్ళలో ఆ మోడా మీద కూర్చోవడం అదే మొదలు.

"ఏంటే ఇది?" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"గ్రీన్‌లాండ్ పక్క సముద్రం. పొద్దున్న ఉపగ్రహం తీసిన ఫొటో. ఈ నున్నటి నలుపంతా నీళ్ళు. ఈ బూడిద రంగు పల్చటి మంచు. ఇదిగో, ఈ గరుకు తెలుపు మాత్రం ఏళ్ళ తరబడి కరగని గడ్డ. దానికి తగిలితే ఓడ చీలిపోతుంది."

"మరి ఈ చుక్క?"

"అదే ఓడ. ఇరవై రెండు మంది ఉన్నారు. అక్కడొక చిన్న ఊరుంది, దానికి పిండీ, మందులూ తీసుకెళ్తోంది. ఈ ఏడాదికి ఇదే మొదటి ఓడ."

"దారెలా తెలుస్తుంది దానికి?"

"నేను నిన్న గీశా కదా," అంది సహస్ర, కూరలు తరిగానన్నంత మామూలుగా.

ఛాయాదేవి మోడా ముందుకి జరుపుకుంది. తెల్లటి మైదానం మధ్య వెంట్రుకంత నల్లటి సందు. ఆ సందులో పచ్చటి గీత. గీత మీద చుక్క. కొన్ని నిమిషాలకొకసారి ఆ చుక్క ఆవగింజంత కదులుతోంది. సహస్ర ఉన్నట్టుండి ముందుకి వంగింది. కొత్త ఫొటో వచ్చింది. సందు ఒకచోట మూసుకుపోతోంది. పిల్ల ముఖం మారిపోయింది. ఛాయాదేవి ఎరిగిన, టీ పెట్టమంటే పాలు పొంగించే సహస్ర కాదు అది. పాత గీత చెరిపి, కుడివైపు నుంచి ఇంకొకటి గీసింది, రెండు ముక్కలు టైపు చేసి పంపింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కరెంటు పోయింది. కూలరు ఆగింది. ఇన్వర్టరు మీద తెర మాత్రం వెలుగుతోంది. కిటికీ బయట ఎదురు బాల్కనీలో దుప్పట్లు ఎండలో అట్టలు కట్టాయి. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఎవరూ విసనకర్ర కోసం లేవలేదు.

చుక్క ఆగింది.

ఛాయాదేవి తెర మీదకి వంగింది. చాలాసేపటికి చుక్క కుడివైపుకి, కొత్త గీత మీదకి తిరిగింది. ఆవిడ చేతులు రెండూ గగుర్పొడిచి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఆ ఎండలో. ఈ గదిలో, తాను రోజూ ఊడ్చే ఈ గచ్చు మీద కూర్చుని, ఈ పిల్ల వేలు కదిపితే భూమి నెత్తిన ఎక్కడో ఒక ఓడ పక్కకి తిరిగింది. ఆ ఓడలో ఎవడో టీ తాగుతూ ఉంటాడు, తనకేం తప్పిందో తెలియకుండా.

"వాళ్ళకి నువ్వు తెలుసా?"

"నేను తెలీదు. నా గీత తెలుసు."

మజ్జిగ గ్లాసు ఛాయాదేవి చేతిలోనే ఉండిపోయింది. ఇవ్వడం మర్చిపోయి, ఆవిడే తాగేసింది.

గురువారం ఎంబసీకి తానూ వస్తానంది. సహస్ర వద్దంటే వినలేదు. మెట్రోలో యమునా బ్యాంక్ దగ్గర చెబుదామనుకుంది, జనం ఎక్కారు. మండీ హౌస్ దగ్గర నోరు తెరిచింది, సహస్ర కాగితాలు సర్దుకుంటోంది. రాజీవ్ చౌక్‌లో రైలు మారేటప్పుడు తోసుకు నడవడమే సరిపోయింది. దిగాల్సిన స్టేషనూ వచ్చేసింది.

గాజు బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నోరు విప్పగానే ఛాయాదేవి గుర్తుపట్టింది. అదే మర్యాద, అదే హిందీ.

"కంపెనీ ఉత్తరం సరిగ్గా ఉంది," అంది ఆ అమ్మాయి సహస్రతో. "కానీ మీ ఇంటి నుంచే వేరేగా చెప్పారు. ఇది కాలక్షేపమనీ, రేపే మానేస్తారనీ, మీరు తిరిగి రారనీ."

"మా ఇంటి నుంచా?" సహస్ర మెల్లగా తిరిగి వదిన వైపు చూసింది.

ఛాయాదేవి లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళ ఢిల్లీ హిందీ అంతా కూడగట్టుకుంది. "మేడమ్ జీ, ఈ పిల్ల సముద్రంలో ఓడలకి దారి గీస్తుంది. ఇరవై రెండు మందిని మంచుకి తగలకుండా తప్పించింది, నిన్న నేను పక్కనే కూర్చుని చూశాను. ఆరేళ్ళుగా ఒక్కరోజు మానలేదు. ఇంకెవరు మానమన్నా మానదు. ఆ మంచు మీద ఒక్కసారి నిలబడి తిరిగొస్తుంది. రాకపోతే నేనే వెళ్ళి చెవి పట్టుకుని తీసుకొస్తాను."

"మరి ఫోనులో అలా చెప్పిందెవరు?"

"నేనే. పెళ్ళివారనుకున్నాను. పెళ్ళివారికి చెప్పినా తప్పే. అయినా చెప్పాను." తర్వాత సహస్ర వైపు తిరిగి తెలుగులో అంది. "గోడ అన్నాను కదే ఇన్నాళ్ళూ. తప్పు నాదే."

సహస్ర వదిన కొంగు చివర పట్టుకుని, వదలకుండా కూర్చుంది.

ఆ అమ్మాయి ఫోనులో విని రాసుకున్న కాగితం మీద ఒక్కొక్క వాక్యం కొట్టేసుకుంటూ వచ్చింది. పాస్‌పోర్టు ఇవ్వమని చెయ్యి చాపింది. తీసుకుని, మిగతా కాగితాలతో కలిపి క్లిప్పు పెట్టింది. పెడుతూ ఆగింది.

"ఇంకొకటి మిగిలింది మేడమ్. వంట బాగా చేస్తుందని కూడా చెప్పారు."

ఛాయాదేవి నిట్టూర్చింది.

"అదీ తప్పే," అంది.