గంప గుర్తున్న బండ

బొంబాయి ఫాక్‌లాండ్ రోడ్డు వెనక కడుతున్న గోదాములో, నేలకు పరిచే షాబాదు బండ సాయమ్మ చేతిలోంచి జారి తిరగబడింది. అడుగున మెత్తిన సున్నం పెళ్లలుగా రాలింది. దాని కింద గంప బొమ్మ, అంచున ఉలి జారిన గీత. అది కొడంగల్ దగ్గర తమ ఊరి బొందలగడ్డలో, తల్లి గంగవ్వ సమాధి మీది బండ.

ఆ ఊరి కూలిజనానికి అక్షరాలు రావు. పోయినవాళ్లు బతికుండగా పట్టిన పనిముట్టునే బండమీద చెక్కుకుంటారు. ఆ గంపను చెక్కిన ముసలి లస్మయ్య పక్కనే బండలు పరుస్తున్నాడు. వంగి చూసి, పరిచిన వరసంతా గడ్డపారతో లేపాడు. సున్నం గీకితే పార, ఉలి, కొడవలి బయటపడ్డాయి. పొద్దున్నుంచీ వాటినే తొక్కుతూ తిరిగారు, వాటిమీదే కూర్చుని రొట్టెలు తిన్నారు.

ఆ బండలు తెప్పించింది మేస్త్రి శివరాం. సాయమ్మ సొంత తమ్ముడు.

"తమ్మీ, ఇది అమ్మది గాదురా?"

శివరాం చూపు తిప్పుకున్నాడు. "మన ఊరి పటేలు బొందలగడ్డ చదును జేస్తుండు. ఎట్లన్న పారేస్తడని ఈ గోదాము సేటుకు జెప్పి తెప్పిచ్చిన. వచ్చే వారం ఇంకో లారీ వస్తది. మీకు పని దొరకాలెననే గదనే అక్కా!"

"సున్నం గూడ మా కోసమే మెత్తిచ్చినవా?"

పటేలు దోచుకుంటాడని తెలుసు. సేటు పీల్చుకుంటాడనీ తెలుసు. తను చంకనేసుకుని పెంచినవాడు ఇంత పని చేస్తాడని సాయమ్మ కలలో కూడా అనుకోలేదు.

"పని బంద్!" అన్నాడు లస్మయ్య.

"మొన్న మిల్లు సమ్మెల ఏమైంది? ఉన్న కూడు వోయింది," అన్నాడు అదే ఊరి కూలి దుర్గయ్య.

"సచ్చినోళ్లకే జాగ లేకుంట జేసిండ్రు. రేపు మనకుంటదా?" అంది సాయమ్మ.

దుర్గయ్య వంగి, తన తాత పార గుర్తున్న బండను తనే భుజానికెత్తుకున్నాడు. కొందరు లారీని ఆపడానికి ఊరికి బయల్దేరారు. మిగతావాళ్లు బండలు మోసుకొచ్చి కామాటిపుర గల్లీలో తాముండే వరసగదుల చాల్ గోడకు నిలబెట్టారు. తాతల నాడే బొంబాయి చేరిన ఇంటి మనిషి, ఆ చాల్‌లోనే ఉండే వజ్రమ్మ ఇంతెత్తున లేచింది.

"మీ ఊరి పీనుగుల గోల మా గల్లీల ఎందుకు? బచ్చేలోగ్ ఆడుకునే జాగ ఇది!"

సాయంత్రం శివరాం, సేటు బండలు ఎత్తుకుపోయారని చెప్పి పోలీసులను తీసుకొచ్చాడు.

"యే పత్థర్ కిస్కా?" ఈ బండ ఎవరిదని గద్దించాడు ఇన్‌స్పెక్టర్.

సాయమ్మ బండను వాటేసుకుంది. "గంగవ్వది. నా తల్లిది."

"మల్లయ్యది. మా తాతది," అన్నాడు దుర్గయ్య.

ఎవరి బండ దగ్గర వాళ్లు నిలబడి పేరు చెప్పారు. చెప్పినవాళ్లను చెప్పినట్టే వ్యాన్లోకి తోశారు. "తమ్మీ, అమ్మ పేరు నువ్వు గూడ జెప్పురా," అని వ్యాన్లోంచి అరిచింది సాయమ్మ. శివరాం పోలీసుల వెనకే ఉండిపోయాడు.

కొడవలి గుర్తు బండ ఒక్కటే మిగిలింది. దాని దగ్గర ఎవరూ లేరు. ఇన్‌స్పెక్టర్ నవ్వి, ఎత్తమని జవాన్లకు సైగ చేశాడు.

వజ్రమ్మ చేతులు తుడుచుకుంటూ చాల్ మెట్లు దిగింది.

"లస్మయ్య మామా, ఇది ఎవలది?"

"ఎల్లమ్మది బిడ్డా," అన్నాడు లస్మయ్య వ్యాన్లోంచి. "పిల్లల్లేకుంట వోయింది."

వజ్రమ్మ వెళ్లి ఆ బండకు వీపు ఆనించి నిలబడింది.

"ఎల్లమ్మది," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "నేనున్న."

ఆమె వెనక మెట్లమీద చాల్ జనం దిగుతూనే ఉన్నారు.