ఎరకు తొడిగిన రింగు

నేను ఒక రబ్బరు రింగును. నలుపు రంగు, సన్నని ఒళ్లు. ఉంగరంలాగే ఉంటాను గానీ నన్ను ఎవరూ వేలికి పెట్టుకోరు. గ్యాస్ సిలిండర్ మీద మూత తీస్తే లోపల గొంతులాంటి చోటు కనిపిస్తుంది చూశారా, అక్కడ కూర్చోవడానికి నన్ను తయారు చేశారు. పైనుంచి రెగ్యులేటర్ దిగి నా మీద బిగుసుకుంటుంది. రెండింటి మధ్య మిగిలిన సందును నేను మూస్తాను. నేను బాగున్నంతకాలం గ్యాస్ పొయ్యికే పోతుంది, గదిలోకి రాదు. మనుషులు కొత్త పొయ్యికి పసుపు కుంకుమ పెడతారు, సిలిండర్‌ను తడిగుడ్డతో తుడుస్తారు. నేనొకదాన్ని ఉన్నానని చాలామందికి తెలియదు. తెలియకుండా గడిచిపోయిన ఇల్లే మంచి ఇల్లు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాలుతున్న అచ్చులోంచి వందలమందిమి ఒకే రేకుగా బయటికొచ్చాం. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒకామె మమ్మల్ని ఒక్కొక్కరినీ తుంచి, అంచులు కత్తిరించి సంచిలో పోసింది. ఆ సంచి చేతులు మారి మారి కరీంనగర్‌లో ఒక గ్యాస్ ఏజెన్సీ గోదాముకు చేరింది. అక్కడ స్టోరు చూసే మనిషి కొత్త సరుకు వచ్చినప్పుడల్లా డెలివరీ వాళ్లకు మమ్మల్ని తలా గుప్పెడు పంచేవాడు. అలా నేను ఓదెలు చొక్కా జేబులోకి వచ్చాను.

ఓదెలుకు నలభై దాటాయి. మాట తక్కువ, భుజాలు గట్టివి. నిండు సిలిండర్‌ను మూడో అంతస్తుకు మోసుకెళ్లి కూడా ఆయాసం కనపడనిచ్చేవాడు కాదు. ప్రతి ఇంట్లో సిలిండర్ దించాక మూత తీసి, గొంతులో నాలుగు చుక్కల నీళ్లు పోసి చూసేవాడు. బుడగలు వస్తే లోపలి రింగు పాడైనట్టు. అప్పుడు పిన్నుతో పాతదాన్ని లాగేసి, జేబులోంచి మాలో ఒకదాన్ని తీసి పెట్టేవాడు. ఇంటివాళ్లు టీవీ చూస్తూ "అక్కడ పెట్టిపో" అనేవారు. ఏళ్ల తరబడి గ్యాస్ తెచ్చే మనిషి ముఖం ఎలా ఉంటుందో సగంమందికి తెలియదు.

ఆదివారాలు అతను మానేరు డ్యాం కట్ట మీద గాలం వేసేవాడు. తోడు అఫ్సర్. బండ్లకు రెగ్జిన్ సీట్లు కుట్టే దుకాణం ఉంది అఫ్సర్‌కు. వానపాములూ కప్పలూ పట్టే ఓపిక లేక కొరియర్లో ప్లాస్టిక్ పురుగులు తెప్పించాడు. మెత్తగా, బొటనవేలంత లావున, ముదురు వంకాయ రంగులో మెరుపు చుక్కలతో ఉంటాయవి. సోంపు వాసన. నీళ్లలో వేస్తే నిజం పురుగే అనుకుని కొర్రమట్ట చేపలు ఎగబడేవి. చిక్కల్లా ఒకటే. గాలం నడుములో గుచ్చుతారు కాబట్టి ఒక చేప లాగగానే పురుగు రెండు ముక్కలయ్యేది.

"ఇగ సూడు ఓదెలన్నా, మల్లొకటి తెగింది," అన్నాడు అఫ్సర్ ఒక ఆదివారం. "దీని నడుముకు రబ్బరు రింగు తొడిగి, గాలాన్ని రింగు కిందికెల్లి పోనిస్తే చిరగదంట. ఫోన్ల జూసిన. ఆ రింగులు మనకేడ దొరుకుతయో ఏమో."

ఓదెలు జేబులో చెయ్యి పెట్టి మాలో నలుగురిని తీసి అరచేతిలో చూపించాడు. "గిసొంటియేనా?"

అఫ్సర్ పాత మార్కర్ పెన్ను గొట్టానికి ఒక రింగును ఎక్కించి, గొట్టంలోకి పురుగును దూర్చి, రింగును మెల్లగా దాని నడుము మీదికి జార్చాడు. సరిగ్గా పట్టింది. ఆ రోజు ఒకే పురుగుతో సాయంత్రం దాకా చేపలు పట్టారు.

అప్పటి నుంచి కట్ట మీద ఓదెలుకు పేరొచ్చింది. గాలాలు వేసే వాళ్లంతా పలకరించేవారు. "ఓదెలన్నా, రెండు రింగులుంటే ఇయ్యవా" అని దగ్గరికొచ్చి కూర్చునేవారు. చాయ్ తెచ్చిచ్చేవారు. అతని ముఖం చూసి మాట్లాడేవారు. ఓదెలు ఎవరినీ కాదనలేదు. ఇన్నేళ్లలో అతని దగ్గర ఉన్నదాన్ని ఒకరు అడగడం, అతను ఇవ్వడం అదే మొదలు. మనుషులకు ఆ సుఖం ఎంత అవసరమో నేను ఆ జేబులో ఉండే తెలుసుకున్నాను. గోదాములో గుప్పెడు తీసుకుంటే సగానికి పైగా డ్యాంకే పోయేవి. చేప విదిలించినప్పుడు కొన్ని ఊడి నీళ్లలో మునిగేవి. ఇళ్లలో బుడగలు రోజూ రావు గదా అనుకునేవాడు ఓదెలు.

చివరికి ఒక ఆదివారం నా వంతు వచ్చింది. జేబులో మిగిలింది నేనొక్కదాన్నే. ఓదెలు నన్ను పురుగు నడుముకు ఎక్కించి, గాలం ముల్లును నా కిందుగా దూర్చి, గడ్డి పెరిగిన మడుగు వైపు విసిరాడు. పురుగు రెండు కొసలూ వణుకుతూ దిగుతోంది. నల్లటి నోరొకటి తెరుచుకుని మమ్మల్ని మింగింది. దారం బిగిసింది. గాలం నన్ను కోసుకుంటూ లాగింది గానీ నేను తెగలేదు. మోచేతి పొడుగు కొర్రమట్ట బయటికొచ్చింది. అఫ్సర్ ఫోటో తీశాడు. అందులో ఓదెలు నవ్వుతున్నాడు. తర్వాత పురుగుతో సహా నన్ను డబ్బాలో వేసి, సిలిండర్లు తిప్పే తన ట్రాలీ ఆటో సీటు కింద పెట్టాడు.

మర్నాడు ఆటోలో ఆఖరి సిలిండర్ భూలక్ష్మిది. ఊరి చివర గల్లీలో రెండు గదుల ఇల్లు. ఆమె బీడీలు చుట్టేది. భర్త కొంరయ్య గ్రానైట్ పలకలు కోసే చోట పని. ఓదెలును పేరు పెట్టి పిలిచే కొద్ది ఇళ్లలో అదొకటి. ఎప్పుడెళ్లినా తమ్మీ అని మజ్జిగ ఇచ్చేది. అతను ఆమెను అక్కా అనేవాడు, కొంరయ్యను బావా అనేవాడు.

మూత తీసి నీళ్లు పోయగానే బుడగలు కుతకుతమని వచ్చాయి. పిన్నుతో రింగు లాగితే అది ఒకచోట చీలి ఉంది. ఓదెలు జేబు తడుముకున్నాడు. రెండో జేబు కూడా. "ఒక్క నిమిషం అక్కా" అని ఆటో దగ్గరికొచ్చి సీటు ఎత్తి డబ్బా తెరిచాడు.

నన్ను చూశాడు. పురుగు మీది నుంచి సగం జరిపాడు. నా ఒంటి మీద గాలం గీసిన గీటు గోటితో తడిమాడు. ఆ గీటు లోతుగా దిగిందో పైపైనే పడిందో నాకే తెలియదు. చేప జిగురు అంటినదాన్ని అక్క సిలిండర్‌లో ఎలా పెట్టడం అనుకున్నాడో, పక్కింటి వాళ్లు చూస్తున్నారనుకున్నాడో. నన్ను మళ్లీ పురుగు మీదికి జరిపి డబ్బా మూసేశాడు.

ఇలాంటప్పుడు సిలిండర్‌ను తిరిగి గోదాముకు తీసుకుపోవాలి. అది అతనికి బాగా తెలుసు. కానీ తీసుకుపోతే, గుప్పెడు రింగులిచ్చాను గదా ఏమయ్యాయని స్టోరు మనిషి అడుగుతాడు. లోపలికి వెళ్లి పాత రింగునే తిరగేసి పెట్టాడు. బుడగలు తగ్గాయి గానీ పోలేదు.

"అక్కా, ఇది కొంచెం లీకున్నది. రింగు తెచ్చి ఏసేదాక పెట్టకు."

"పాత సిలిండరు ఇంక వారం పది దినాలొస్తది తమ్మీ. నీకు ఈలైనప్పుడు రా," అంది భూలక్ష్మి. "మజ్జిగ తాగిపో."

మర్నాడు గోదాములో రింగులు అయిపోయాయి. కొత్త ప్యాకెట్ గురువారం వస్తుందన్నారు. తోటి డెలివరీ వాళ్ల జేబుల్లో ఉన్నాయి. అడిగితే ఇచ్చేవారు. నీవి ఏం చేశావని అడిగేవారు కూడా. వారం పది రోజులొస్తుందన్న ఆమె మాట పట్టుకుని ఓదెలు ఆగాడు.

ఆమె చెల్లెలు పిల్లల్ని తీసుకుని వస్తుందని అతనికి తెలియదు, ఆమెకూ తెలియదు. వంటలు పెరిగాయి. గురువారం పొద్దున బియ్యం ఉడుకుతుండగానే పొయ్యి ఆరిపోయింది. చెల్లెలు పిల్లలకు స్నానాలు చేయిస్తూ బయట ఉంది. భూలక్ష్మి కొత్త సిలిండర్ మూత తీసి రెగ్యులేటర్ పెట్టింది. ఆకలన్న పిల్లల మాటే చెవిలో ఉందో, ఓదెలు చెప్పింది మర్చేపోయిందో. లైటర్ నొక్కింది.

అదే పూట ఓదెలు జేబు నిండా రింగులు వేసుకుని బయల్దేరాడు. మధ్యాహ్నం లోడు అయ్యాక ఆమె ఇంటికి పోదామనుకున్నవాడు, ఎందుకో ముందే ఆ గల్లీకి తిప్పాడు. నేను సీటు కింద ఉన్నాను. ఆటో ఉన్నట్టుండి ఆగింది. బయట జనం గొడవ. ఎవరో అంటున్నారు, "గ్యాసోడు రానే వచ్చిండు." ఓదెలు చాలాసేపు సీట్లోంచి లేవలేదు.

దవాఖానలో పోలీసులు భూలక్ష్మి వాంగ్మూలం తీసుకున్నారు. మాట్లాడటానికి కాలిన పెదవులు సరిగా కదలకపోయినా స్పష్టంగానే చెప్పిందట. "ఓదెలు పెట్టొద్దన్నడు. నేనే మర్సి పెట్టిన. ఆయన తప్పు లేదు." ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు బతకలేదు.

ఆ మాటతో ఓదెలు మీద కేసు లేకుండా పోయింది. ఏజెన్సీ యజమాని డెలివరీ వాళ్లందరినీ గోదాములో కూర్చోబెట్టి, ఓదెలులా జాగ్రత్తలు చెప్పి రావాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఓదెలు తల వంచుకుని నిలబడ్డాడు. వినయం అనుకున్నారు.

ఆ సాయంత్రం అఫ్సర్ వచ్చి ఆటోలో పక్కన కూర్చున్నాడు. "నువ్వు చెప్పినవ్ గదన్నా. ఆమె ఇనలే. నువ్వేం జేస్తవ్?"

"రింగుంటే చెప్పే పనేముండె," అన్నాడు ఓదెలు.

అఫ్సర్‌కు అప్పుడు తట్టింది. అతని చెయ్యి సీటు అంచును పట్టుకుంది. గాలాలూ రీళ్లూ అఫ్సర్‌కే ఇచ్చేశాడు ఓదెలు. డబ్బాలోని పురుగును చెత్తలో వేశాడు. నన్ను మాత్రం దాని మీది నుంచి ఊడదీసి దగ్గర పెట్టుకున్నాడు.

భూలక్ష్మి పదో దినానికి కొంరయ్య మనిషిని పంపి పిలిపించాడు. రానంటే అనుమానమొస్తుందని కాదు, రానని చెప్పే ముఖం లేక వెళ్లాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. జేబులో నేను. బంతిలో కూర్చున్నాడు గానీ విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది. జనం పలచబడ్డాక కొంరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. రాళ్లు కోసిన చేతులు, గోళ్లలో తెల్లటి దుమ్ము ఇంకా ఉంది.

"ఓదెలూ, రింగు రింగు అంటున్నరు అందరు. అదెట్లుంటది? నేనెన్నడు సూడలే."

ఓదెలు జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది. నన్ను కొంరయ్య అరచేతిలో పెట్టాడు.

"గింతనేనా," అన్నాడు కొంరయ్య. అటూ ఇటూ తిప్పి చూశాడు. గీటు చూశాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇదేంది, చేప వాసనొస్తుంది?"

ఓదెలు చెప్పాడు. డ్యాం కట్ట, ప్లాస్టిక్ పురుగులు, అడిగిన వాళ్లందరికీ పంచడం, ఆ రోజు జేబు ఖాళీగా ఉండటం. సీటు కింద డబ్బా సంగతి కూడా దాచలేదు. చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. కొంరయ్య పిడికిలి మెల్లగా మూసుకుంది. అందులో నేను ముడుచుకుపోయాను.

"పోలీసులకు చెప్త బావా. పొద్దుగాలనే పోత," అన్నాడు ఓదెలు.

"చెప్పకు."

ఓదెలు తలెత్తి చూశాడు.

"ఆ తమ్ముని మీదికి ఎవలను పోనియ్యకు అని చెప్పి పోయింది. నా తోటి ఆఖరికి మాట్లాడింది గంతే," అన్నాడు కొంరయ్య. గొంతు పెంచలేదు. "నన్ను తల్సుకోలే, నిన్ను తల్సుకున్నది. ఇప్పుడు నువ్వు పోయి నాదే తప్పు అంటే, ఆమె ఆఖరి మాట అబద్ధమైతది. దాన్నన్న ఉండనియ్యి."

"బావా..."

"బావా అనకు. లేచి పో. ఈ గల్లికి రాకు."

ఓదెలు లేచి వెళ్లాడు. నన్ను తిరిగి అడగలేదు.

ఇప్పుడు నేను భూలక్ష్మి బీడీల కత్తెర ఉండే రేకు డబ్బాలో, గూట్లో ఉంటున్నాను. కొంరయ్య గ్యాస్ మళ్లీ పెట్టించలేదు. ఇంటి వెనక కట్టెల పొయ్యి మీద తనొక్కడికి ఇంత వండుకుంటాడు. ఈ గల్లీకి గ్యాస్ తెచ్చేది వేరే మనిషి. ఓదెలు డెలివరీ లైను మార్పించుకున్నాడట. ఆ రోజు కాలిన వంటింటి గోడకు సున్నం వేశారు గానీ నల్లదనం మళ్లీ పైకి తేలుతోంది. రబ్బరుకు వయసు పైబడితే సన్నని పగుళ్లొస్తాయి. నాకూ మొదలయ్యాయి.

మొన్నొక రోజు కొంరయ్య బజారు నుంచి వచ్చి గడపలో కూర్చున్నాడు. పక్కింటామె ఏమైందని అడిగింది.

"ఏం లేదు. ఓదెలు కనవడ్డడు."

"మంచోడు పాపం. ఎంత చెప్పిపోయిండు ఆ పొద్దు. మాట్లాడినవా?"

"మాట్లాడిన," అన్నాడు కొంరయ్య, ఆమె వైపు చూడకుండా.

ఆ పూట అతను పొయ్యి ముట్టించలేదు.