పారువేటలో పంచిన బొమ్మ

పుష్పం మొగుడు సీనివాసన్ పత్తిచేలో బోర్లా పడుకుని కుందేలు బొమ్మ వేస్తున్నాడన్న సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ కుందేలు ఏ మూల ఉంటుందన్నది మాత్రం మొగుడూ పెళ్లాలకే తెలుసు. కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై పోయే దారిలో ఉన్న ఆ నల్లరేగడి ఊళ్లో మగవాడన్నాక గొర్రు తోలాలి, అది చేతకాకపోతే చావడిలో కూర్చుని మీసమైనా దువ్వాలి. పగలల్లా మట్టిని కరుచుకుని పడుకుని, ఒక జంతువు ఎప్పుడు చెవి ఆడిస్తుందా అని చూసేవాణ్ణి ఏమనాలో ఊళ్లోవాళ్లకు తెలియలేదు. పుష్పానికి తెలుసు. రోజూ సజ్జంబలి కుండ గట్టు మీద దించుతూ ఆ మాటే అనేది.

"లెయ్ మామా, కూళు తాగు. దాని చెవిలో వెంట్రుకలు ఎంచేసినావా, ఇంకా మిగిలిండాయా?"

"మెల్లంగా మాట్లాడు పుష్పం. బెదురుతుంది."

"నా అరుపుకి నువ్వే బెదరవు, అది బెదురుతుందా?"

బెదరలేదు. మొదట్లో మనిషి నీడ పడితే చాలు, అంత దూరం ఎగిరిపోయేది. నెలల తరబడి సీనివాసన్ కదలకుండా మెదలకుండా దాని ఎదుట పడి ఉండేసరికి, ఇదీ ఒక మట్టిగడ్డే అనుకుంది కాబోలు, తుమ్మకంప కింద తన గుంటలో కూర్చుని తాపీగా నమిలేది. అంబలి తెచ్చే పుష్పానికీ అలవాటు పడిపోయింది. ఇప్పుడు నిండు చూలుతో ఉంది. "సిగ్గులేని ముండ, కడుపుతో ఉండి కూడా మగవాడి ముందర ఎట్ల కూర్చుందో చూడు" అని పుష్పం దాన్నీ కలిపి తిట్టేది.

ఆ తిట్లన్నీ పైపైకే. సీనివాసన్ స్నానానికి పోయినప్పుడు ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసేది. కుందేలు డొక్క ఎగసి పడుతున్నట్టే ఉండేది. ఈ దిక్కుమాలిన ఊళ్లో ఇంకొకడికి ఇలాంటి కన్నుందా అనుకునేది, ఒళ్లు పులకరించేది. తక్షణం బయటికి వచ్చి, దొడ్లో నీళ్లు పోసుకుంటున్న మొగుణ్ణి మరో రెండు తిట్టేది. మెచ్చుకుంటే మొగుడు నెత్తికెక్కుతాడని ఆమె గట్టి నమ్మకం.

ఆ కాగితం, రంగులు ఆమె తమ్ముడు రామకృష్ణన్ మదురైలో కొని పంపినవి. అతను విరుదునగర్‌లో అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్లు అచ్చువేసే చోట పని చేస్తున్నాడు. "పాత లేబుళ్లు చూసి నకలు కొట్టేవాళ్లు నాకు కోకొల్లలు. ప్రాణమున్న జంతువును ఎదుట చూసి వేసిన బొమ్మ ఒకటి తెమ్మను. నచ్చితే ఉద్యోగం. సోమవారం దాటితే ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అన్నాడట యజమాని. ఉన్నది ఒక్కటే కాగితం. రంగులూ అడుగంటాయి. పోతే పోయిందని మళ్లీ వేసే వీలు లేదు.

పుష్పం అప్పుడే గిన్నెలన్నీ గోతంలో మూట కట్టేసింది. విరుదునగర్‌లో దీపాలున్న వీధి ఉంటుంది, చేతులకు పత్తికాయ మొనలు గుచ్చుకోని బతుకు ఉంటుంది. మొగుడు బొమ్మలు వేస్తాడని చెబితే నవ్వని మనుషులు ఉంటారు. అన్నిటికంటే ఆమెకు కావలసింది ఆ చివరిదే.

ఆదివారం మాసి నెల పారువేట. ఊరి మగవాళ్లంతా కుక్కలతో, వలలతో, ఈటెలతో, ఉన్న కూతలన్నీ కూసుకుంటూ బీడు మీద పడ్డారు. వేటలో పడిన కుందేలును ఊరిదేవత జక్కమ్మ ముందు పెట్టి, మాంసం పాళ్లు వేసి ఇంటింటికీ పంచితే ఆ ఏడు వానలుంటాయని నమ్మకం. ఆ శూరులంతా మధ్యాహ్నానికి ఒక్క ఎలుకనైనా పట్టకుండా మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. పంట మీదున్న పత్తిచేలోకి కుక్కల్ని వదలకూడదని ఊరి కట్టు. చోటు తెలిస్తే మాత్రం వలతో పోవచ్చు. అందుకే ఊరిపెద్ద మునుసామి నాయకర్ గుంపునంతా వెంటేసుకుని సీనివాసన్ వాకిట్లోకి వచ్చాడు.

"ఏమిరా సీనివాసా, నువ్వు చూసి వేసినావే, ఆ చెవులపిల్లి యాడ ఉండాది?"

"అది లేదు పెద్దయ్యా. పోయిన నెలలోనే యాడికో పాయ" అన్నాడు సీనివాసన్ కన్నార్పకుండా.

గడపలో నిలబడ్డ పుష్పానికి గుండె పొంగింది. ఊరంతా ఎదురుగా నిలబడితే ఒక మూగజీవం కోసం అబద్ధమాడినవాడు తన మొగుడు! పైకి మాత్రం, "దాన్ని నిలబెట్టుకునేదానికి కూడా చేతకాలేదు ఈయనకి" అంది. అందరూ నవ్వారు.

"సరి, అట్లయితే ఆ పడం ఎత్తుకు రా. అమ్మ ముందర ఒట్టి చేతుల్తో నిలబడితే వాన వస్తుందా?" అన్నాడు మునుసామి నాయకర్.

సీనివాసన్ పెదవి విరుస్తూ బొమ్మ తెచ్చి ఇచ్చాడు. ఈ మొద్దులు కాసేపు దణ్ణం పెట్టుకుని ఇచ్చేస్తారు, రేపు పొద్దున రైలెక్కొచ్చు అనుకున్నాడు. కుందేలును చూసి చూసి ఆ మహానుభావుడు పుట్టి పెరిగిన ఊరి సంగతే మరిచిపోయాడు.

జక్కమ్మ ముందు బొమ్మను ఆకు మీద పరిచారు. పసుపునీళ్లు చల్లారు. డప్పు మోగింది. ఆడవాళ్లు తమ వంతు పాలు పట్టుకోవడానికి ఆకులు తెచ్చుకుని వరసలో నిలబడ్డారు. మునుసామి నాయకర్ సూరికత్తి అందుకున్నాడు. అప్పటికి గాని సీనివాసన్‌కు వెలగలేదు.

"పెద్దయ్యా, అది కాయితం!"

"ఇందాక కాయితం. అమ్మ ముందర పెట్టినాక వేట. ఇంటింటికీ పాళ్లు పోవాల."

"రేపు నేను విరుదునగర్ పోవాల పెద్దయ్యా. అది లేకుంటే నాకు ఆడ పని దొరకదు."

ముసలాయన కత్తి దించి ఒక్క క్షణం ఆలోచించాడు. "పొద్దు గూకేలోపల పానముండే చెవులపిల్లి ఒకటి ఈడికి రానీ. నీ పడం నువ్వు ఎత్తుకుపో. చోటు చెప్పినా చాలు, వల మేము ఎత్తుకుపోతాము."

అందరూ సీనివాసన్ వైపు చూశారు. ఒక్క మాటతో విరుదునగర్ పుష్పానిది. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. ఆ ఆశ లేదని ఎవరికి చెప్పినా తన మనసుకు చెప్పుకోలేదు కదా. ఆయన చెప్పడు, నేనెట్లా చెబుతాను అనుకుని పళ్లు బిగించి మొగుడి మొహం చూసింది. ఆ మొహంలో బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. నోరు తెరుచుకుంటోంది.

"పడమటి చేలో..."

"పడమటి చేలో ఏముండాది, మీ నాయన నాటిన కంప తప్ప!" పుష్పం గుంపును తోసుకుని ముందుకొచ్చింది. "దినమూ ఆడికి కూళు ఎత్తుకుపోయేది నేను. నాకు తెలీని చెవులపిల్లా? పడం మీద ఆశకి నోటికి వచ్చింది చెప్తాండాడు. కోయండి పెద్దయ్యా, పొద్దు పోతాంది!"

గుంపు గొల్లుమంది. సీనివాసన్ తల వంచుకున్నాడు. కత్తి దిగింది.

తొడలు ఊరిపెద్దకు, వీపు కుక్కలు తెచ్చినవాళ్లకు, మిగిలింది వరసగా ఇంటింటికీ. పక్కింటి రంగమ్మాళ్ అవ్వ తన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసుకుని శోకాలు పెట్టింది. "నాకు ఒట్టి గడ్డే వచ్చింది! పోయినేడు బొక్క, ఈ ఏడు గడ్డి. నేనేమి గొడ్డునా?" ముక్క మార్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. నిన్నటిదాకా ఆ బొమ్మను చూసి నవ్విన మనుషులు ఇప్పుడు చెవి ఎవరికి, తోక ఎవరికి అని కొట్టుకు చచ్చారు.

తల వేటగాడి పాలు. దాన్ని సీనివాసన్ చేతిలో పెట్టి, "ఈ ఏటి వేటగాడు వీడేరా!" అని మునుసామి నాయకర్ అతని తలకు ఎర్రగుడ్డ చుట్టాడు. డప్పు జోరందుకుంది. చావడి మీసాలవాళ్లు వచ్చి భుజం తట్టారు, ఆకూవక్కా ఇచ్చారు. అంతవరకూ ఇంట్లోంచి శవం లేచినట్టు నిలబడ్డ సీనివాసన్ మెల్లగా వెన్ను నిటారు చేశాడు. ఆకు నములుతూ ఎవడో అన్నదానికి నవ్వాడు కూడా. పుష్పం ఆ నవ్వు చూసింది. చీ అనిపించింది. ఇన్నేళ్లూ ఉత్తుత్తిగా తిట్టిన తిట్లలో ఒక్కటీ ఆ మొహానికి చాలదనిపించింది.

ఇంటికి వచ్చాక అతనే కదిలించాడు. "మంచి వేళ అడ్డం పడినావు పుష్పం. నేను చెప్పేసుందును."

పుష్పం గోతం మూట విప్పి గిన్నెలు ఒక్కొక్కటే తీసి అలమరలో సర్దుతోంది.

"ఒక్క మాట తిట్టవేమి?"

"తిట్టేదానికేముండాది మామా. కూళు తాగు" అంది నెమ్మదిగా. సీనివాసన్ కుండ పక్కకు జరిపాడు.

తెల్లవారగానే పుష్పం ఒంటరిగా పడమటి చేలోకి పోయింది. సగం మాట బయట పడనే పడింది. ఊళ్లోవాళ్లు మొద్దులే గాని చెవిటివాళ్లు కాదు, నేడో రేపో ఎవడో ఒకడు వల పట్టుకుని రాక మానడు. కుందేలు కంప కిందే ఉంది. ఆమెను చూసి నమలడం ఆపలేదు.

పుష్పం మట్టిపెళ్ల తీసి విసిరింది. పక్కన పడింది. అది కాస్త జరిగి మళ్లీ కూర్చుంది.

"పో! ఏమి చూసి నమ్మినావే? నీ ముందర పడుకున్నాడనా? నేనూ నమ్మినా, అంత పెద్ద మనసని! నాకు నోరుండాది, ఎట్లో బతుకుతా. నీకేముండాదే పాడుదానా? పో!"

ఇంకో పెళ్ల, మరొకటి. కళ్లు మసకబారి గురి తప్పుతోంది. నాలుగోది డొక్కకు తగిలింది. కుందేలు గాల్లోకి ఎగిరి, గట్టు దాటి, బీడుకు అడ్డం పడి కనుమరుగైంది.

సీనివాసన్ వచ్చేసరికి ఆమె గట్టు మీద కూర్చుని మొహం తుడుచుకుంటోంది. అతని తలకు ఎర్రగుడ్డ ఇంకా అలాగే ఉంది. చంకలో చెక్కపలక, చేతిలో బొగ్గు. వంగి కంప కింద గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఏది పుష్పం?"

"పాయ."

"ఏటికి పాయ? మనల్ని చూసి ఎప్పుడూ పరిగెత్తలేదే!"

"ఇన్నాళ్లూ దానికి మనమెవరో తెలీదు" అని పుష్పం ఒడి కట్టుకుని పత్తి ఏరడానికి చేలోకి దిగింది.