మధ్యలో అందుకున్న జవాబు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే మేడమ్‌ది వెన్నలాంటి మనసు. ఆ సంగతి అందరికంటే ముందు ఆవిడకే తెలుసు. "ఎలాంటివారికైనా మా దగ్గర సమాన అవకాశం" అని అందంగా రాయించి గోడకి అంటించింది ఆవిడే. పెద్ద ఇంజనీరు అది చదివి, "రాయడానికేముందమ్మా, చేయడం దగ్గర నిదానంగా చూసుకుందాం" అన్నాడు. ముసలాయనకి ఉత్సాహం చచ్చిపోయిందని ఆవిడ జాలిపడింది.

ఆ రోజు మెకానిక్ ఉద్యోగానికి నలభై దాటిన ఒకాయన వచ్చాడు. పాత కంపెనీ మూతపడి ఏడు నెలలుగా పని లేదు. చేతిలో పనితనం ఉంది కానీ నత్తి.

"లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల మనుషులున్నారు. మొదట ఏం చేస్తారు?" అని అడిగాడు ఇంజనీరు.

"మొ... మొదట..." అని ఆయన ఆగిపోయాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి, పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. చూస్తూ కూర్చోవడం మేడమ్ వల్ల కాలేదు.

"మెయిన్ ఆపేస్తారు, అంతేగా?" అని నవ్వుతూ అందించింది.

ఆయన ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి తలూపాడు. ఇంజనీరు సున్నా వేశాడు. ఆయన బయటికి వెళ్ళాక, లోపలివాళ్ళని పలకరించకుండా కరెంటు తీసేసే మనిషిని పనికి పంపలేనన్నాడు.

ఆ కబురు మెత్తగా చెప్పగలిగేది తనేనని ఆవిడ కిందికి దిగింది. మెకానిక్ మెట్ల దగ్గర సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుంటున్నాడు. కారణంతో సహా అంతా చెప్పింది. ఆయన నోరు తెరిచాడు. ఈసారి ఏం అందించాలో తెలియక ఆవిడ ఊరుకుంది.

"నేను... లో... లోపలివాళ్ళతో మాట్లాడతా మేడమ్. వచ్చేశాం, భ... భయపడకండి అంటా. మెయిన్ తర్వాతే. మెయిన్ అని... మీరన్నారు."

"మరి తలెందుకు ఊపారు?"

"సా... సాయం చేస్తున్నారు కదా. ఇంజనీరుగారి ముందు కాదంటే మీకు చిన్నతనంగా ఉంటుందని."

మేడమ్‌కి తల కొట్టేసినట్టయింది. ఏడు నెలలుగా ఖాళీగా ఉన్న మనిషి, ఈవిడగారి పరువు నిలబెట్టడానికి చేతికందబోయే ఉద్యోగం వదులుకున్నాడు. ఆవిడ ఆయన్ని ఉండమని చెప్పి పైకి వెళ్ళింది.

"సార్, ఆ సున్నా నాది" అంది.

సంగతంతా విని ఇంజనీరు కోప్పడలేదు. కోప్పడితే కాస్త తేలిగ్గా ఉండేది. "రాసుకున్నవాణ్ణి నేను. ఆయన నోటితో అన్నాడా లేదా అని చూసుకోవద్దూ? పిలవండి. ఈసారి మనిద్దరం నోరు మూసుకుందాం."

మళ్ళీ పిలిచారు. తలుపు సగంలో బిగుసుకుపోతే ఏం చేస్తారని కొత్త ప్రశ్న వేశారు. ఆయన మళ్ళీ ఆగాడు. మేడమ్ నాలుక కరుచుకుని గోడగడియారం వైపు చూస్తూ కూర్చుంది. జవాబు వచ్చింది, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా. పట్టింది అర నిమిషం.

ఉద్యోగం ఆయనకే ఇచ్చారు. ఆయన చేతులు జోడిస్తే మేడమ్ తలెత్తలేకపోయింది. పోయినేడాది ఫోన్లెత్తే పనికి వచ్చినావిడ గుర్తొచ్చింది. వేరే ప్రాంతం మనిషి, ఇక్కడి భాష తడుముకుంటూ మాట్లాడింది. ఆవిడ మాటలన్నీ తనే ప్రేమగా పూర్తిచేసి, చివర్లో "విషయం లేదు" అని రాసి పంపేసింది. పిలిచి ఏం చెప్పబోయారని అడుగుదామంటే, ఆవిడ పేరైనా గుర్తు రాలేదు.