సింహం వెనక్కి తిరిగింది

ఫిలెరోస్ ఒకప్పుడు బానిస. విడుదలయ్యాక రోమన్ల పాంపే నగరంలో ఉన్ని అమ్ముకుని ఇల్లు కట్టాడు. ఇప్పుడు వీధి మూలనున్న దేవతల గుడికి పెద్ద కావాలని అతని కోరిక. ఏటా వీధి పండక్కి బలి పందిని ఇచ్చేది ఆ పెద్దే. ఆ సంగతి తేల్చడానికి పాత పెద్ద ట్రోఫిమస్ మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు.

సరిగ్గా ఆ ఉదయమే బల్లకు కొత్త పాలరాతి కాళ్ళు వచ్చాయి. రెండు రెక్కల సింహాలు. ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ చూడాలి. శిల్పి రెండింటినీ ఎడమకే చెక్కాడు. బల్లను గోడకు ఆనిస్తారు కదా అని రాతి అవతలి వైపు మొరటుగా వదిలేశాడు. తిప్పి పెట్టే దారి లేదు. రెండో సింహం, తోకెత్తి మరీ, కుడి మూలనున్న ఇంటి దేవతలకు పిర్రలు చూపిస్తోంది.

"ఏమయ్యా, రోజూ మొక్కే దేవతలకు ఇదా నైవేద్యం?" అంది భార్య నేవియా.

"ఊరుకోవే! చచ్చిపోతున్నాను."

"నువ్వు గోచీ లేకుండా తిరగడం రోజూ చూస్తున్న దేవతలే. తట్టుకుంటారులే."

ఫిలెరోస్ సింహం వెనక ఒక కంచు కూజా అడ్డం పెట్టి, దేవతలను క్షమించమని వేడుకున్నాడు.

ట్రోఫిమస్ వచ్చాడు, తిన్నాడు, మెచ్చుకున్నాడు. అంతలో అతని చేతిలోని జున్ను ముక్క జారి కూజా వెనక్కి దొర్లింది. కింద పడిన తిండి ఇంటి దేవతలది. తీసి బల్ల మీద పెట్టి, వాళ్ళ ఎదుట నిప్పులో వెయ్యాలి. ఫిలెరోస్ ఉరికాడు.

"ఆగవయ్యా. నా చేతిలోంచి పడింది, నేనే తీస్తాను."

ముసలాయన మోకాళ్ళ మీద వంగి కూజా జరిపాడు. చాలాసేపు లేవలేదు.

"చెక్కింది మెల్లకన్ను గల్లస్సేనా?" బల్ల కింద నుంచి గొంతు వినిపించింది.

"అవునండీ. నన్ను మన్నించండి."

"మా ఇంట్లోదీ ఇంతే. పదేళ్ళుగా తోకకు పూలదండ వేసి నెట్టుకొస్తున్నాను."

"మరి దేవతలకు కోపం రాలేదా అండీ?" నిజంగానే అడిగాడు ఫిలెరోస్.

"వస్తే నన్ను పదేళ్ళు గుడికి పెద్దగా ఎందుకు ఉంచుతారయ్యా?"

"వాళ్ళకూ నవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా," అంది నేవియా.

ట్రోఫిమస్ జున్ను ముక్కను బల్ల మీద పెట్టి, మొక్కి, నిప్పులో వేశాడు. చేతులు దులుపుకున్నాడు.

"ఈ ఏడు వీధి పండక్కి బలి పంది నీదే, ఫిలెరోస్. ముందు ఆ కూజా తీసెయ్. దండే బావుంటుంది."