కిందికి మాత్రమే చూసే దీపం

నేను ఒక బల్ల దీపాన్ని. పిల్లలు చదువుకునే బల్ల మీది దీపాన్ని కాదు, నాటక పోటీల్లో న్యాయనిర్ణేతల ముందు పెట్టే దీపాన్ని. వినడానికి పెద్ద గౌరవంలాగే ఉంటుంది. పాతికేళ్ళు ఆ గౌరవం అనుభవించిన తర్వాత చెబుతున్నాను: ఆ బల్ల దగ్గర కూర్చునే మనుషులంటే నాకు పడదు. ఒక్కరిని మినహాయిస్తాను, ఆయన సంగతి తర్వాత చెబుతాను.

నన్ను చేసింది రేపల్లెలో రేకు పని చేసే దావీదు. నాటక పరిషత్తు కార్యదర్శి అతనికి ఒకటే షరతు పెట్టాడు. "దీని ఎలుగు కాయితం మీద పడాల. స్టేజీ మీదకి చుక్కంత కూడా పోగూడదు. పోయిందంటే నటులు గోల చేస్తారు." దావీదు మాట ప్రకారం నూనె డబ్బా రేకుతో నా తలకు మూత చేసి, దాన్ని బాగా కిందికి వంచి అతికేశాడు. నా మెడ ఎటూ తిరగదు. అందుకే పుట్టిన దగ్గర్నుంచీ నేను ఒక్క నాటకమూ చూడలేదు. విన్నాను. కాగితం మీద పడే రాతలు మాత్రం చూశాను. నాది పుట్టుకతో వచ్చిన వంకర. మెడ తిరిగే మనుషులు కూడా నాలాగే కాగితంకేసి చూస్తూ కూర్చుంటే వాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

ఎంతమంది వచ్చి కూర్చున్నారో లెక్కలేదు. నాటకం మొదలు కాకముందే "ఇతివృత్తం సమకాలీనం" అని రాసిపెట్టుకునేవాడు ఒకడు. రంగాలంకరణ కాలమ్ నింపాక కళ్ళజోడు తీసి నిశ్చింతగా కునుకు తీసేవాడు ఇంకొకడు. ఓడిపోయిన నాటక సమాజాల వాళ్ళు వచ్చి అడిగితే "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మద్దెల ఎంత బాగా మోగిందో నేను విన్నాను కదా.

ఆ ఒక్కరి సంగతి చెబుతానన్నాను. పేరు తెలియదు, నరసరావుపేట నుంచి వచ్చిన పెద్దాయన. కూర్చోగానే "ఈ దీపం ఆర్పెయ్యండయ్యా, చూసేటప్పుడు రాసేదేం ఉంటది?" అన్నాడు. మూడు రోజులు నేను చీకట్లో ఉన్నాను. నా బతుకులో నేను మనసారా గౌరవించిన మనిషి నన్ను ఆర్పేయమన్నవాడే. మరుసటి ఏడాది ఆయన్ని పిలవలేదు. మార్కులు ఆలస్యంగా ఇచ్చాడట.

ఆయన స్థానంలో వచ్చినవాడు డాక్టర్ ఈమని నృసింహమూర్తి, రిటైరైన తెలుగు లెక్చరరు. నాటక శిల్పం మీద ఎక్కడ సభ జరిగినా ఆయన ఉపన్యాసం ఉండాల్సిందే. మా పరిషత్తులో పోటీకి వచ్చే ప్రతి సమాజమూ నాటకం కాపీని నెల ముందే పంపాలి. మిగతా నిర్ణేతలు ఆ కాపీలను తిరగేసి పక్కన పెట్టేవారు. నృసింహమూర్తి పద్ధతి వేరు. నాటకం నడుస్తున్నంతసేపూ కాపీని నా వెలుతురులో పరిచి, ప్రతి పంక్తి కిందా వేలు జరుపుకుంటూ పోయేవాడు. నటుడు ఒక మాట తప్పితే ఎర్ర పెన్సిలు గీత పడేది.

ఆ ఏడాది ఒక సముద్రపు నాటకం వచ్చింది. రాసి, నడిపించింది బోయిన ప్రసన్నబాబు. వేటకు వెళ్ళిన పడవ తిరిగిరాదు. పదో రోజున మత్స్యశాఖ ఆఫీసువాళ్ళు బెస్త ఇల్లాలి దగ్గరకు వాంగ్మూలం రాసుకోవడానికి వస్తారు. ఆ ఇల్లాలి వేషం కనకరత్నంది. యాభై దాటిన మనిషి, ఏ సమాజం పిలిస్తే ఆ సమాజానికి వెళ్ళి వేషం కట్టే నటి.

మధ్యాహ్నం మైకులు సరిచూసుకుంటూ వాళ్ళిద్దరూ నా బల్ల పక్కనే నిలబడ్డారు.

"ప్రసన్నా, వాంగ్మూలం సీనులో ఆ పదకొండు లైన్లూ నాకు నోటికి రావట్లేదురా. మరిచిపోయి కాదు. ఆ మనిషికి అప్పుడు మాటొచ్చిద్దా? నువ్వే చెప్పు."

మైకును తట్టడం ఆపి ప్రసన్నబాబు అన్నాడు. "రాదక్కా. నేనే ఎక్కువ రాశా. కానీ కాపీ పంపించేశాం, ఇప్పుడు మార్చటానికి లేదు."

"కాపీ సంగతి నాకెందుకు. నేను చేసేది చూస్తారుగా."

"నీ ఇష్టం. కానీ ఒక్కటక్కా, ఇక్కడ నీకు ప్రైజు రాకపోతే మా కమిటీ వాళ్ళు ఈ వేషానికి వేరేవాళ్ళని పెడతామంటున్నారు. ఇప్పటికే శ్రీలలిత పేరు అనుకుంటున్నారు."

"ముప్పై ఏళ్ళుగా ఎవరికో అత్తగా, ఎవరికో వదినగా వచ్చి రెండు మాటలు చెప్పి పోయానురా. ఇదొక్కటీ నాది," అంది కనకరత్నం. ఆ గొంతు విన్నాక, ఆమె గెలవాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను.

సాయంత్రం ఆ సీను వచ్చింది. స్టేజీ మీద మాట ఆగింది. గాజుల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది. ఐదొందల మంది ఉన్న హాలులో కుర్చీ కిర్రుమనలేదు. వెనక వరసలో ఎవరో ఆడమనిషి వెక్కి, నోరు నొక్కుకుంది. అక్కడ ఏం జరుగుతోందో చూడాలని నా రేకు మెడ విరిగిపోయేటంత ఆరాటపడ్డాను. నా కింద నృసింహమూర్తి వేలు మొదటి పంక్తి దగ్గరే ఆగి ఉంది. ఆయన తల ఎత్తలేదు. ఎర్ర పెన్సిలు తీశాడు. "మూడో రంగం. పదకొండు పంక్తులు మరిచారు. ధారణ లోపం" అని రాసి, వాచికంలో నాలుగు మార్కులు కోశాడు.

ఆమె చేసిందేమిటో నాకు మరుసటి ఉదయం తెలిసింది. లైట్లు చూసే మస్తాను నా వైరు చుడుతూ ఎవరితోనో చెబుతున్నాడు. "తీగ మీద ఆరేసిన మొగుడి చొక్కా తీసింది. ఎండిపోయిన చొక్కా. దాన్ని పిండింది. మళ్ళా పిండింది. నీళ్ళు రావుగా, అట్టా పిండతానే ఉంది."

ఆ ఉదయమే విశ్లేషణ సభ. నాటకాల బాగోగుల మీద న్యాయనిర్ణేతలు మాట్లాడే కార్యక్రమం. నృసింహమూర్తి అరగంట సేపు రంగస్థలం మీద మౌనం ఎంత గొప్ప సాధనమో వివరించాడు. మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీలోనే నాటకం ఉంటుందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కాపీ తెరిచి, సముద్రపు నాటకంలో కథానాయిక సంభాషణలు మరిచిపోయి రసభంగం చేసిందన్నాడు.

కనకరత్నం లేచి నిలబడింది. "ఒక్క మాటండీ. ఆ సీను జరిగేటప్పుడు తమరు స్టేజీ వంక చూశారా?"

"నా చేతిలో స్క్రిప్టు ఉందమ్మా," అన్నాడు నృసింహమూర్తి కాపీలోంచి తల ఎత్తకుండానే, అంతకన్నా రుజువేం కావాలన్నట్టు.

పక్కనున్న నిర్ణేతలు తలలూపారు. వాళ్ళలో ఒకడు ముందురోజు సాయంత్రం కంటతడి పెట్టినవాడే, ఆ చుక్క నా పక్కనే మార్కుల కాగితం మీద పడింది. వాడు కూడా నోరు మెదపలేదు. డాక్టరుగారి మాట కాదనే ధైర్యం లేదు. బహుమతి ఇంకెవరికో పోయింది. కనకరత్నం వేషం శ్రీలలితకు ఇచ్చారు. ప్రసన్నబాబు కమిటీతో పోట్లాడాడని విన్నాను, గెలవలేదని కూడా విన్నాను.

ఓడిన నాటకాన్ని సవరించి మళ్ళీ పోటీకి తేవచ్చు, మా పరిషత్తులో అందుకు అడ్డులేదు. మరుసటి ఏడాది సముద్రపు నాటకం మళ్ళీ వచ్చింది. నృసింహమూర్తీ వచ్చాడు. కనకరత్నం కూడా వచ్చింది, ఆ తర్వాతి నాటకంలో ఒక అత్త వేషానికి. ముఖానికి రంగు వేసుకుని, తన వంతు వచ్చేదాకా మా బల్ల వెనక కుర్చీలో కూర్చుంది.

వాంగ్మూలం సీను మొదలైంది. శ్రీలలిత పదకొండు పంక్తులూ గుక్క తిప్పుకోకుండా అందుకుంది. నృసింహమూర్తి వేలు హాయిగా సాగుతోంది. ఐదో పంక్తి దగ్గర నా బల్బు టప్పుమంది. నా కోపమో, బల్బు ఆయుష్షో, ఏదైనా అనుకోండి. కాగితం చీకటైపోయింది. వేరే దారి లేక ఆయన తల ఎత్తాడు. ఆయన ఈ బల్ల దగ్గరకు వచ్చాక నాకు తెలిసి అదే మొదటిసారి. మిగిలిన ఆరు పంక్తులూ స్టేజీకేసి చూస్తూ విన్నాడు.

సీను అయ్యాక సంతోషంగా పక్క నిర్ణేత చెవిలో అన్నాడు. "చూశారా! పోయినేడు ఇక్కడే మరిచిపోయింది ఈవిడ. నేను నలుగురిలో మందలించాను. ఇప్పుడు చక్కగా కంఠతా పట్టి అప్పజెప్పింది. ఉత్తమ నటి ఈవిడే."

కనకరత్నం కుర్చీలోంచి లేచి, వంగి, మెల్లగా అంది. "పోయినేడు చేసింది ఆయమ్మ కాదండీ. నేను."

నృసింహమూర్తి వెనక్కి తిరిగాడు. స్టేజీ వెలుగులో ఆమె ముఖాన్ని తేరిపార చూశాడు. చాలాసేపే చూశాడు.

"మీరెవరమ్మా?" అన్నాడు.